పద్నాలుగో మగవాడు

కాగితాల మీద నలభై ఒక్కేళ్ళ మగవాడైన పద్నాలుగో నంబరు రోగి చొక్కా గుండీలు విప్పిన అంబులెన్స్ డాక్టరు చెయ్యి అక్కడే ఆగిపోయింది: పడుకున్నది ఆడమనిషి.

అప్పుడు టైము పన్నెండూ ముప్పై అయిదు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి నిమిషానికి ఐదో ఆరో. పదినిమిషాల్లో ఆమెను పెద్దాసుపత్రి ఐసీయూకి చేర్చారు.

ఆమెని అంబులెన్స్ ఎక్కించిన వార్డు గడప కెప్టెన్ బురుల్చా దాటేసరికి ఒకటీ ఇరవై. ఇరవై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో తాగుడు మాన్పించే ఈ ఆసుపత్రికి ఆమె చాలాసార్లే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక మగవాడి కోసమే వచ్చింది.

లోపలికి అడుగు పెడుతుండగానే ఐసీయూ డాక్టరు దామిరా ఫోన్ చేసింది.

"మేడమ్, మెషీన్ పెట్టి ఊపిరి ఆడిస్తున్నాం. అక్కడ ఏమిచ్చారో నాకు తెలియాలి."

"కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చారట. తాగుడు మాన్పించే పరిశోధనలో భాగంగా."

"కెటమిన్ ఒక్కటే అయితే ఈపాటికి లేచి కూర్చుని నన్ను తిడుతూ ఉండేది. రెండు తొడల మీదా సూది గుర్తులున్నాయి. రెండోది వేరే మందు. ఒక రకం మందుకి నా దగ్గర విరుగుడుంది. కానీ తాగుడు అలవాటున్న మనిషికి అది గుడ్డిగా ఇస్తే ఫిట్స్ వచ్చి పోతుంది. రక్తపరీక్ష రేపటికి గానీ రాదు. మందు పేరు, ఎంత ఇచ్చారు, అంతే. నాలుగు లోపు చెప్పండి. రక్తపోటు పడిపోతోంది. నాలుగు దాటాక మీరు పేరు కనిపెట్టినా నాకు పనికిరాదు."

బురుల్చా ఫోన్ జేబులో పెట్టుకుంది. కారిడార్లో బెంచీ మీద అరవై ఏళ్ళ నర్సు జూరా కూర్చుని ఉంది. ఆమె పక్కన మాదకద్రవ్యాల నిరోధక శాఖ మేజర్ ఎదిల్ నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా.

"ఆలస్యంగా వచ్చారు కెప్టెన్. కేసు అయిపోయింది," అన్నాడు.

"మనిషి బతికుండగానే అయిపోయిందా?"

"దొంగ దొరికింది." డబ్బా మూత తీశాడు. లోపల తొమ్మిది కెటమిన్ సీసాలు, సీలు తీయనివి. "ఈవిడ లాకర్లో. ఖర్చయ్యాయని రాసి దాచుకుంది. రోగికి సంగతి తెలిసిపోయింది. రోగి నోరు మూయించింది."

"అమ్ముకోడానికి దాచిందంటారా?"

"మరి దేనికి, ఊరగాయ పెట్టుకోడానికా?"

"అమ్ముకునేదైతే తొమ్మిదీ ఇక్కడే ఎందుకుంటాయి మేజర్ గారూ?" బురుల్చా నర్సు పక్కన కూర్చుంది. "జూరక్కా, నాకు టైము లేదు. రెండో సూది నువ్వు పొడిచావా?"

"లేదమ్మా. పొద్దున తొమ్మిదీ పదికి కుడి తొడకి పొడిచింది నేనే. అది కెటమిన్. కళ్ళకి గుడ్డ కట్టి, పాట పెట్టి, పక్కనే కూర్చున్నాను. పదకొండుకి కళ్ళు తెరిచింది. పదకొండూ ఇరవైకి టీ తాగింది, మాట్లాడింది. బంగారంలా ఉంది. ఇరవై అయిదుకి ఈ పరిశోధనకి పెద్ద, ప్రొఫెసర్ గారు కబురు పెట్టారు, డబ్బిచ్చే విదేశీయులు వస్తున్నారు, వచ్చి బల్ల సర్దమని."

"నర్సుని రోగి దగ్గర్నుంచి లేపి బల్ల సర్దమన్నారా?"

"ఇక్కడ సమోసాలు నేనే చేస్తాను కదమ్మా," అంది జూరా. అందులో ఆమెకి వింతేమీ కనిపించలేదు. "పరిశోధన చూసే డాక్టర్ తిలెక్ ఆమె గదిలోనే ఉన్నాడు కదా అని వెళ్ళాను. పన్నెండూ పదిహేనుకి తిరిగొచ్చి చూస్తే లేవట్లేదు."

"ఈ సీసాలు?"

"కాగితం ప్రకారం పద్నాలుగో నంబరు బరువు ఎనభై ఆరు కిలోలు. రెండు సీసాలు ఎక్కించాలి. ఆ పిల్ల నలభై ఎనిమిది. వచ్చిన ప్రతిసారీ నిజానికి ఒక్కటే ఎక్కించాను. రెండోది వాడేశామని రాశాక తిరిగి ఎలా ఇస్తాను? పారబోయడానికి చెయ్యి రాలేదు. లాకర్లో పెట్టాను."

మేజర్ పగలబడి నవ్వాడు. "విన్నారా? భోజనం వృథా కాకూడదని సర్ది పెట్టిందట."

బురుల్చా నవ్వలేదు. రోగి ఫైల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తారు.

"కుబాత్ అసనాలియెవ్ గారేనా?"

"నేనే. మూటలు దించుతున్నా, సాయంత్రం చెయ్యండి."

"రికార్డుల ప్రకారం మీరిప్పుడు ఐసీయూలో ఉన్నారు."

అవతల బజారు గోల మధ్య మూట కింద పడిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు పూర్తిగా మారిపోయింది. "మా చెల్లికేమైంది?"

పదిహేను నిమిషాల్లో వచ్చాడు. టోపీ చేతిలో నలిపేస్తూ, మేజర్ వైపు అనుమానంగా చూశాడు. బురుల్చా అతన్ని మెట్ల కిందకి తీసుకెళ్ళింది.

"పేరు కలీపా," అన్నాడు గొంతు తగ్గించి. "ముప్పై ఏడేళ్ళు. బడిలో పాటల టీచరు. మా ఇంట్లో ఇంకెవరికీ తెలీదు మేడమ్, ఆమె తాగుతుందని."

"మీ పేరుతో ఎందుకొచ్చింది?"

"సర్కారు వాళ్ళ తాగుబోతుల రిజిస్టరులో ఆడదాని పేరు ఎక్కితే ఇంకేముంది? ఉద్యోగం పోతుంది. కూతురెవరి దగ్గరుండాలో శుక్రవారం కోర్టులో తేలుతుంది, ఆ పిల్లా పోతుంది. పైగా ఈ పరిశోధనలో ఆడవాళ్ళని తీసుకోరట. మగవాడికేముంది, తాగితే తాగాడంటారు. నా పాస్‌పోర్టు ఇచ్చేశాను."

"మీరు తాగుతారా?"

"నేను వ్యాను డ్రైవర్ని. చుక్క ముట్టను. పోయిన వారం లైసెన్సు మార్పించుకోడానికి వెళ్తే, రిజిస్టరులో నీ పేరుంది, బండి ముట్టుకోకు పొమ్మన్నారు. పేర్లు బయటికి పోవని చెప్పారట దానికి. ఎవరో పంపేశారు." అతను గోడకి ఆనుకున్నాడు. "దానికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశా. 'అన్నా, బుధవారం విదేశీయులొస్తున్నారు, పద్నాలుగో నంబరు నేనేనని వాళ్ళ ముందే చెప్పేస్తా, నీ బండి నీకొస్తుంది' అంది. వద్దే అన్నాను. వినలేదు."

"ఈ మాట ఇంకెవరికైనా తెలుసా?"

"డాక్టరుకి ముందే చెబుతానంది. ఆయన మంచివాడు, ఆయన్ని ఇరికించకూడదంది."

వెనక బూట్ల చప్పుడైంది. మేజర్ ఎదిల్ నోట్‌బుక్ తెరిచి నిలబడ్డాడు. "ఆవిడ పేరు చెప్పండి. రిజిస్టరులో ఇతని పేరు కొట్టేసి ఆవిడది రాయాలి. రూలు."

"రూలంటే ఇష్టమా మీకు? అయితే ఇది చదవండి." బురుల్చా ఫైల్లోంచి పరిశోధన ఒప్పందం కాగితాలు తీసి పదకొండో పేజీ అతని ముందు పెట్టింది. "ఆవిడ ఇక్కడ రోగి కాదు, పరిశోధనలో పాల్గొంటున్న మనిషి. కోర్టు ఆర్డరు లేకుండా పేరు అడగడానికి లేదు. మీరు రాస్తే మొదట సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే."

"ఒక తాగుబోతు కోసం ఇంత పట్టుదలా?"

"ఐదు నెలల్నుంచి తాగలేదట. మీరు పొద్దున్నే ఏం తాగారు మేజర్ గారూ? ఇక్కడిదాకా వస్తోంది వాసన."

మేజర్ నోట్‌బుక్ మూసేశాడు. మొహం కందగడ్డలా అయింది. "నాలుగింటికి నర్సుని తీసుకుపోతున్నాను. ఈలోపు మీ ఇష్టం."

టైము రెండూ ఇరవై.

కలీపా పడుకున్న గది చిన్నది. మంచం, కుర్చీ, పాటల పెట్టె, కళ్ళకి కట్టే నల్లగుడ్డ. మూలన తూకం రాళ్ళు జరిపే పాతకాలపు యంత్రం. ముల్లు దగ్గర రాయి నలభై ఎనిమిది మీద ఆగి ఉంది. జూరా మాట నిజమే. పొద్దున తూచిన బరువుతోనే మందు ఎక్కించింది. కిటికీ దగ్గర టీ సామాను: కెటిల్, రెండు గిన్నె కప్పులు, టీ పిప్పి పారబోసే గిన్నె. బురుల్చా ఆ గిన్నెను కాగితం మీద బోర్లించి, పెన్నుతో పిప్పిని విడదీసింది. గాజు ముక్కలు రెండు బయటపడ్డాయి. ఆంపుల్ అనే గాజు మందుగొట్టం పైభాగాలు, మెడ దగ్గర తుంచినవి. కెటమిన్ వచ్చేది రబ్బరు మూత సీసాల్లో. దానికి తుంచే మెడ ఉండదు.

పేరు రాసి ఉండే కింది భాగాలు లేవు. ఎవరో జేబులో వేసుకుపోయారు.

"ఆంపుల్స్‌లో ఏముంటాయి ఇక్కడ?" గుమ్మంలో ఉన్న జూరాని అడిగింది.

"ఆ రెండో బీరువాలో ఉంటాయమ్మా. మత్తులో ఎవరైనా భయపడి గోల చేస్తే నిద్రపుచ్చడానికి. మూడు రకాలు."

"తాళం చెవులు?"

"నా దగ్గరొకటి, తిలెక్ దగ్గరొకటి, ప్రొఫెసర్ గారి దగ్గరొకటి."

బీరువా తెరిస్తే మూడు రకాల పెట్టెలూ సగం సగం ఖాళీగా ఉన్నాయి. ఏది ఎప్పుడు తీశారో రాసే పుస్తకం లేదు. మేజర్ భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇది నేను చూడలేదు," అన్నాడు.

"మీరు కెటమిన్ బీరువా ఒక్కటే లెక్కపెట్టారు." బురుల్చా తలుపు మూసింది. "జూరక్కా, ఒక్క మాట. పద్నాలుగో నంబరు భయపడి గోల చేస్తే, వీటిలోది ఎన్ని ఆంపుల్స్ ఎక్కిస్తావు?"

"ఒకటి. అదీ మొదట సగం. కెటమిన్ ఒంట్లో ఉండగా ఇంకో మందంటే నాకు భయం."

ప్రొఫెసర్ మెల్స్ గదిలో విందు బల్ల ఇంకా తీయలేదు. సమోసాలు, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు, ఎండు ఆప్రికాట్లు. ఆయన కడుపు నిండా తిన్నట్టున్నాడు.

"చూడండి కెప్టెన్, నా పరిశోధనలో ఆడవాళ్ళు లేరు. ఎవరో మోసం చేసి దూరారు," అన్నాడు.

"ఎందుకు లేరు?"

"నెలసరి, గర్భం, మాత్రలు. అంకెలు చెదిరిపోతాయి."

"మగవాళ్ళవి చెదరవా?"

"మగవాళ్ళతో ఒక్కటే చిక్కు. ఎండలు మొదలవగానే పనికోసం రష్యా పోతారు. మిగతా పరిశోధనలన్నీ అలా మధ్యలో ఆగిపోయినవే. నా దాంట్లో ఇరవై రెండు మందీ చివరిదాకా నిలిచారు. ఒక్క కుర్చీ ఖాళీ అవ్వలేదు. అదంతా తిలెక్ శ్రద్ధ."

బురుల్చా గుమ్మంలో ఉన్న జూరా వైపు చూసింది. జూరా తల దించుకునే చెప్పింది.

"ఇరవై రెండు కుర్చీల్లో ఏడింట్లో ఆడవాళ్ళే ప్రొఫెసర్ గారూ. మీరు సభల్లో చూపిస్తారే, 'తాగుడు మానేసిన మగవాళ్ళు' అని లెక్కల పటం, అందులో సగం మంది మా ఆడపిల్లలే."

ప్రొఫెసర్ నోట్లోని ఆప్రికాట్ నమలడం మానేశాడు.

"రోగుల పేర్లు రిజిస్టరుకి పంపింది మీరేనా?" అడిగింది బురుల్చా.

"చట్టం... అంటే, అడిగారు. పంపించాను."

"పదకొండున్నరకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఈవిడ బల్ల సర్దుతోంటే పక్కన నిలబడి చెబుతున్నాను, ఏది ఎక్కడ పెట్టాలో."

"నిజమేనమ్మా," అంది జూరా. "మూడుసార్లు మార్పించారు."

"పద్నాలుగో నంబరు భయపడితే ఎన్ని ఆంపుల్స్ నిద్రమందు ఎక్కిస్తారు?"

"నేను సూది పట్టుకుని పదేళ్ళయింది. తిలెక్‌ని అడగండి."

గేటు వాచ్‌మన్ పుస్తకంలో విదేశీయుల కారు లోపలికొచ్చిన టైము పదకొండూ యాభై రెండు అని ఉంది. డాక్టర్ తిలెక్ ఎప్పుడొచ్చాడని అడిగితే, "కారుకి ఒక్క నిమిషం ముందు, పరిగెత్తుకుంటూ" అన్నాడు వాచ్‌మన్.

మూడూ పదికి తిలెక్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, ఇస్త్రీ కోటు, అలసిపోయిన కళ్ళు. మేజర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బురుల్చా తన ఫోన్ బల్ల మీద పెట్టింది. స్పీకర్లో అవతల దామిరా ఉంది. ఊపిరి ఆడించే మెషీన్ చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"పద్నాలుగో నంబరు ఆడమనిషని మీకు తెలుసు కదా?"

"తెలుసు. చేర్చుకుంది నేనే. దాచను."

"నర్సు వెళ్ళిపోయాక ఆమె దగ్గర ఎంతసేపున్నారు?"

"లేను. పదకొండూ ఇరవై అయిదుకి నేనూ బయల్దేరాను. అతిథుల కోసం గేటు దగ్గరికి."

"ఈ గదికీ గేటుకీ దూరమెంత?"

"రెండు నిమిషాలు."

"మీకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది."

"దారిలో ఫోన్ వచ్చింది."

"అలాగా. సరే, ఆ సంగతి తర్వాత. ఇప్పుడు నాకు డాక్టరుగా ఒక మాట చెప్పండి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పద్నాలుగో నంబరు మత్తులో భయపడి గోల చేస్తే, నిద్రమందు ఎన్ని ఆంపుల్స్ ఎక్కించాలి?"

"రెండు," అన్నాడు తిలెక్ వెంటనే.

"నర్సు ఒకటి అంది. అదీ సగం సగం."

"నర్సులు భయపడతారు. ఎనభై ఆరు కిలోల మనిషికి ఒకటి ఏ మూలకి..."

మాట సగంలో ఆగిపోయింది.

బురుల్చా కాగితం పొట్లం విప్పి రెండు గాజు ముక్కలు బల్ల మీద పెట్టింది. "టీ పిప్పిలో దొరికాయి. రెండు. ఆమె నలభై ఎనిమిది కిలోల మనిషని చేతులతో తూచిన నర్సుకి తెలుసు. ప్రొఫెసర్ సూది పట్టి పదేళ్ళయింది, ఆ టైములో నర్సు పక్కనే ఉన్నారు. ఎనభై ఆరు అనుకుని లెక్కకట్టే మనిషి ఈ ఆసుపత్రి మొత్తంలో మీరొక్కరే."

తిలెక్ గాజు ముక్కల వంక చూశాడు. మేజర్ గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. బురుల్చా చేత్తో వారించింది.

"నేరం సంగతి ఆనక మాట్లాడుకుందాం డాక్టర్ గారూ. అవతల వింటున్నావిడ కూడా డాక్టరే. టైము మూడూ పదిహేడు. పేరు చెప్పండి."

"డయాజెపామ్," అన్నాడు తిలెక్ ఫోన్ వైపు వంగి. "రెండు ఆంపుల్స్. ఎడమ తొడకి. పదకొండూ ముప్పై అయిదుకి, ఒక్కసారే. ఇంకేమీ ఇవ్వలేదు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు ఆమెకి, నేను రాసిపెట్టాను. విరుగుడు ఇవ్వచ్చు. మెల్లగా ఇవ్వండి."

"ఫోన్ పెట్టెయ్యకండి," అంది దామిరా.

పద్నాలుగు నిమిషాలు గడిచాయి. మేజర్ ఎదిల్ ఒకసారి గడియారం చూసుకుని, చూసుకున్నందుకు తనే ఇబ్బంది పడ్డాడు. తర్వాత దామిరా గొంతు వచ్చింది.

"ఊపిరి తనంతట తనే తీసుకుంటోంది. కళ్ళు ఇంకా తెరవలేదు. కానీ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నాకది చాలు."

బురుల్చా కుర్చీలో వెనక్కి వాలింది. మేజర్ నోట్‌బుక్ తీశాడు. ఈసారి ఎవరి పేరు రాయాలో అడగలేదు. తిలెక్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"చంపాలనుకోలేదు. ఈ మాట రాయకపోయినా ఫర్వాలేదు, అందరూ ఇదే అంటారు. రెండింటిదాకా నిద్రపోతే చాలనుకున్నాను. వాళ్ళు ఒంటిగంటకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆమెని కూర్చోబెట్టి బతిమాలుకుందామనుకున్నాను.

"నిరుడు ఎండలు మొదలవగానే ఏడుగురు మగవాళ్ళు రష్యా వెళ్ళిపోయారు. కుర్చీలు ఖాళీ అయితే నా ఆరేళ్ళ పని పోతుంది. ఆడవాళ్ళు ఎంతోమంది గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతున్నారని జూరక్క చెప్పింది. అన్నల పేర్లతో, మొగుళ్ళ పేర్లతో తీసుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. వాళ్ళు బాగుపడ్డారు కూడా. ఇవాళ కలీపా కళ్ళు తెరిచి, టీ తాగి, 'డాక్టర్ గారూ, నాకు భయం పోయింది, వాళ్ళకి చెప్పేస్తాను, మా అన్న బండి నడుపుకోవాలి' అంది. ఎంత నిదానంగా అందో. దొంగచాటుగా తాగే మనిషి అలా మాట్లాడగలిగిందంటే, నా వైద్యం పనిచేసిందనడానికి అంతకంటే రుజువేం కావాలి? ఆ రుజువునే నేను పొడిచాను.

"కంగారు తగ్గడానికి బి విటమిన్ అన్నాను. తొడ చూపించింది. మందు లాగేటప్పుడు ఆమె వైపు చూడలేదు, ఫైలు చూశాను. ఏడు నెలలుగా ఎనభై ఆరు అని నా చేత్తో నేనే రాస్తున్నాను. అందరికీ చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను.

"ఇంకొకటి ఉంది. ఇది తొందరగా రాసుకోండి మేజర్ గారూ. 'ఆడవాళ్ళెక్కడ' అని వాళ్ళు ప్రతిసారీ అడుగుతున్నారని, ఇవాళ ఒక పథకం చూపించాం. రెండో దశ, అరవై మంది, అందరూ ఆడవాళ్ళే. సంతకం పెట్టి వెళ్ళారు. సంతకం కాకముందే, పోయిన వారమే, మందు ఓష్ నగరం ఆసుపత్రికి పంపించాం. అక్కడ బరువు తూచరు. అందరికీ ఒకే మోతాదు. అది నా ఫైళ్ళలోంచి తీసిన మోతాదు. నా ఫైళ్ళలో డెబ్భై కిలోలకి తక్కువ మనిషి లేడు. జూరక్క సీసాలు మిగిల్చిందంటే, అంత మందు ఏ ఆడమనిషికీ ఎవరూ ఇచ్చి చూడలేదు. ఏమవుతుందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

"ఓష్ ఆసుపత్రిలో రేపు పొద్దున తొమ్మిదింటికి మొదలు. మీరే ఫోన్ చెయ్యండి. నేను చేస్తే నమ్మరు, ప్రొఫెసర్ గారు చెయ్యరు. రేపటి మనిషి పేరు నాకు తెలీదు. నంబరు మాత్రం తెలుసు. ఒకటి."